త్రికోణాన్ని తీసేయలేదు, అప్పటికి అది పుట్టనే లేదు

ఫైర్ ఎంబ్లమ్ అంటే వంతులవారీగా సేనను నడిపే వీడియోగేమ్‌ల సిరీస్. అందులో పాత ఆటను మళ్లీ చేసిన ఫైర్ ఎంబ్లమ్ ఎకోస్: షాడోస్ ఆఫ్ వాలెన్షియా గురించి మాట వచ్చిన చోటల్లా ఒక అభియోగం వినిపిస్తుంది. "అది పేరుకే ఫైర్ ఎంబ్లమ్. కత్తి, గొడ్డలి, ఈటెల త్రికోణాన్ని తీసేశారు. ఆయుధాలు అరగవు. మంత్రం వేస్తే వేసినవారి ప్రాణమే తగ్గుతుంది. ఒక్కొక్కరు ఒకే వస్తువు మోయాలి. పైగా తప్పు చేస్తే కాలాన్ని వెనక్కి తిప్పే చక్రం ఒకటి. సంప్రదాయాలన్నీ గాలికొదిలేసి, బద్ధకంగా పాత ఆటకు రంగులు పూశారు." ఏళ్లుగా ఈ మాటలే ఒకరి నుంచి ఒకరికి చేరుతున్నాయి. వీటిలో నిజమైన విసుగు కొంత ఉందని ఒప్పుకుంటాను. కానీ ఎక్కువ భాగం తప్పు, ఆ తప్పు ఒక మంచి ఆటకు అన్యాయం చేస్తోంది.

ముందు త్రికోణం సంగతి. కత్తి గొడ్డలిని, గొడ్డలి ఈటెను, ఈటె కత్తిని గెలిచే ఆ లెక్క సిరీస్‌లోకి వచ్చింది 1996లో, జెనియాలజీ ఆఫ్ ది హోలీ వార్‌తో. ఎకోస్‌కు మూలమైన ఫైర్ ఎంబ్లమ్ గైడెన్ 1992 మార్చిలో నింటెండో వారి ఆట యంత్రం ఫామికామ్ మీద వచ్చింది. సిరీస్‌లో రెండో ఆట అది. 1990 నాటి మొదటి ఆటలోనూ ఈ త్రికోణం లేదు. నాలుగేళ్ల తర్వాత పుట్టిన నియమాన్ని గైడెన్ ఉల్లంఘించిందనడం తాత మనవడి పోలికలో లేడని నిందించడమే.

"సరే, 2017లో చేసిన రీమేక్‌లో చేర్చవచ్చు కదా" అంటారు. అడగదగ్గ ప్రశ్నే. మొదటి ఆటను 2008లో నింటెండో డీఎస్ యంత్రం కోసం షాడో డ్రాగన్‌గా మళ్లీ చేసినప్పుడు ఈ సిరీస్ తయారీదారు ఇంటెలిజెంట్ సిస్టమ్స్ సరిగ్గా అదే చేసింది: త్రికోణం చేర్చింది, పాత్రల వృత్తులను ఇష్టం వచ్చినట్టు మార్చుకునే వీలూ కల్పించింది. కానీ వాలెన్షియా కథలో మన పక్షాన గొడ్డలి పట్టేవారు ఒక్కరూ లేరు. గొడ్డళ్లు ఉండేది బందిపోట్ల చేతుల్లో. ఇక్కడ త్రికోణం పెడితే మూడు కోణాల్లో ఒకటి ఎప్పటికీ శత్రువుదే. ల్యూకస్ లాంటి ఈటె వీరుడు గొడ్డలి కనిపించిన ప్రతిసారీ వెనక్కి తగ్గాలి. అది సమతూకం కాదు. దానికోసం పాత్రలనే మార్చి రాసుకోవాలి, అప్పుడది గైడెన్ రీమేక్ కాదు.

మంత్రాల విషయం నాకు అన్నిటికన్నా ముఖ్యం, ఎందుకంటే ఈ ఆటలో నేను ప్రేమించింది దాన్నే. మామూలుగా ఈ సిరీస్‌లో మంత్రగాళ్లు పుస్తకాలు మోస్తారు, ఇన్నిసార్లు వాడితే అవి అయిపోతాయి. ఇక్కడ పుస్తకాలు లేవు. లెవెల్ పెరిగేకొద్దీ మంత్రం పాత్రకే వస్తుంది, వేసిన ప్రతిసారీ హెచ్‌పీ, అంటే ప్రాణాన్ని లెక్కించే అంకె, కొంత తగ్గుతుంది. దీన్ని శిక్ష అనుకునేవారు ఆటలోని ఇద్దరు నాయకుల్లో ఒకరైన సెలికా సేన తొలి యుద్ధాలను గుర్తు చేసుకోవాలి. ఆమె వెంట బయలుదేరేది మే, బోయీ, జెన్నీ. ముగ్గురూ మంత్రాల మీద బతికేవారే. సముద్రం మీద దొంగల ఓడలను ఎదుర్కొంటున్నప్పుడు నా మే పిడుగు మంత్రంతో ఒకణ్ణి కూల్చింది, ఆ ఖర్చుతో ఆమె హెచ్‌పీ ఎంత పడిందంటే పక్కవాడి ఒక్క దెబ్బకు పోయే స్థితి. ఆ పక్కవాణ్ణి ఆపాల్సింది సెలికా. ఆమెకు నిప్పు మంత్రమూ ఉంది, కత్తీ ఉంది. నిప్పు గట్టిగా తగులుతుంది కానీ ఆమె ప్రాణాన్నీ తింటుంది. కత్తికి ఖర్చు లేదు కానీ ఆమె శత్రువు గొడ్డలికి ఎదురు నిలవాలి. నేను ఆ వంతులో చాలాసేపు ఆలోచించాను. చివరికి జెన్నీని పంపాను. ఆమె నోస్ఫెరాటు మంత్రం తగిలితే శత్రువు నుంచి ప్రాణం లాగుతుంది, కానీ దాని గురి నమ్మదగ్గది కాదు. ఇంత తర్జనభర్జనను ఒక పుస్తకం మీది అంకె నాకెప్పుడూ ఇవ్వలేదు.

రెండో నాయకుడు ఆల్మ్ సేనలో ఈ బాధ తక్కువ. అతని వెంట సైనికులు, విలుకాళ్లు, ఆశ్వికులు ఎక్కువ. మన పులిజూదంలో 3 పులులకు ఒక ఆట, 15 మేకలకు మరో ఆట ఉన్నట్టే, ఒకే ఆటలో రెండు సేనలకు రెండు రకాల ఆలోచన. మంత్రాల ఖర్చు తీసేస్తే ఈ తేడాలో సగం మాయమవుతుంది.

ఆయుధాలు అరగకపోవడం, ఒకే వస్తువు మోయడం నిజంగానే మొదటి ఆట నుంచి పక్కకు జరిగిన మార్పులు. ఇక్కడ విమర్శకుల చరిత్ర సరైనదే. అయితే పక్కకు జరిగింది 1992లో, రీమేక్‌లో కాదు. అరుగుదల లేని కత్తులను ఇదే సిరీస్‌లోని 2015 నాటి ఫేట్స్‌లో చూసినవారికి ఇది వింత కాకూడదు. ఎకోస్ ఈ రెంటినీ ఒక కొత్త ముడితో కలిపింది: ఒకే ఆయుధాన్ని పట్టుకుని పోరాడుతూ పోతే దాని ప్రత్యేక విద్యలు వస్తాయి. చేతిలో ఏదీ పెట్టకపోయినా సైనికుడు తన మామూలు ఆయుధంతో పోరాడతాడు, కాబట్టి ఆ ఒక్క చోటులో మంచి కత్తి పెట్టాలా, డాలు పెట్టాలా, ఆకలి తీర్చే రొట్టె పెట్టాలా అన్నది ప్రతిసారీ ప్రశ్నే.

ఇక కాలాన్ని వెనక్కి తిప్పే ఆ మీలా చక్రం. అభియోగంలో రీమేక్ సొంతంగా తెచ్చిన కొత్తదనం ఇదొక్కటే. దాన్ని వాడగలిగేది కొన్నిసార్లే. అంతకుముందు ఏం చేసేవాళ్లం? ఈ సిరీస్‌లో చనిపోయిన పాత్ర మామూలుగా తిరిగి రాదు కాబట్టి ఒక్కరు పోగానే యంత్రాన్ని ఆపి, యుద్ధాన్నంతా మొదటి నుంచి ఆడేవాళ్లం. అలా ఆపడానికి లెక్క లేదు, చక్రానికి ఉంది. వద్దనుకుంటే ముట్టుకోనక్కరలేదు. ఈ సిరీస్‌లోనే తర్వాత వచ్చిన 2019 నాటి త్రీ హౌసెస్, 2023 నాటి ఎంగేజ్ ఇదే ఆలోచనను వేరే పేర్లతో కొనసాగించాయి. సంప్రదాయం తప్పిందన్న ఆటే ఇక్కడ సంప్రదాయాన్ని మొదలుపెట్టింది.

బద్ధకం అన్న మాట మాత్రం నాకు కోపం తెప్పిస్తుంది. దాదాపు ప్రతి సంభాషణకూ గొంతు ఇచ్చారు. బెర్కుట్, రినియా, ఫే, కాన్రాడ్ లాంటి కొత్త పాత్రలను రాశారు. గుహల్లో మన పాత్రను త్రీడీలో నడిపించే వీలు కల్పించారు.

బద్ధకం చూపించాలంటే యుద్ధపటాలను చూపించండి, మారు మాట్లాడను. నాలుగో అంకంలో సెలికా విషపు బురదలో అడుగు తీసి అడుగు వేస్తూ పోయే ఆ వంతులు నాకూ విసుగే. శత్రు మంత్రగత్తెలు ఎక్కడి నుంచో మాయమై వచ్చి పక్క గడిలో నిలబడటం కూడా. ఆ పటాలు గైడెన్ నుంచి దాదాపు అలాగే దిగాయి. అక్కడ వాళ్లు మూలాన్ని మరీ గట్టిగా పట్టుకున్నారు.