‘పెట్టెను సగం చేయండి, రాణిని ఈగలే చేసుకుంటాయి’: నమ్మితే గూడు పోతుంది

వాట్సాప్‌లో తిరుగుతున్న సలహా ఇది: “కొండి లేని తేనెటీగల పెట్టెను ఎప్పుడైనా సగం చేయొచ్చు. రాణి లేని సగంలో ఏదో ఒక పిల్లపురుగుకు రాయల్ జెల్లీ (మామూలు తేనెటీగలు రాణి పురుగుకు పెట్టే మేత) తినిపించి ఈగలే రాణిని చేసుకుంటాయి. గూడు నిండితే పాత రాణి ఎగిరిపోతుంది. పెట్టె ముందు ఈగలు మూగితే దాడే, పొగ పెట్టండి.”

మామూలు తేనెటీగల పాఠం తెచ్చి వీటికి అంటగట్టారు. మన గోడ పగుళ్లలో, చెట్టు తొర్రల్లో ఉండే కొండి లేని తేనెటీగ టెట్రగోనులా ఇరిడిపెన్నిస్ తీరు వేరు.

అసలు ఇవి పిల్లపురుగుకు తినిపించవు. కూలీ ఈగలు గది కట్టి, ద్రవాహారం కక్కి నింపుతాయి. దానిమీద రాణి గుడ్డు పెట్టగానే మూసేస్తాయి, మళ్లీ తెరవవు. రాణి గది పెద్దది, అందులో మేత ఎక్కువ. అంతే తేడా. ఆస్ట్రేలియాలోని టెట్రగోనులా కార్బొనేరియాలో రాణి పోతే పక్కపక్క గదులు రెండు కలిసిపోయి, ఒకే పురుగు రెండింటి మేతా తిని రాణి కావడం ఉంది. అక్కడా తినిపించడం లేదు. ఆ ఆశతో పెట్టె కోయకండి.

విడదీసేముందు గదుల గుత్తి అంచుల్లో చూడండి. పెద్దగా, కోలగా కనిపించేది రాణి గది. రాణి లేని సగంలో అది ఒక్కటైనా ఉండాలి. గుత్తిలో ముదురు గోధుమరంగు గదులు లేతవి, వేలు తగిలితే చితుకుతాయి. కారిన మేత వాసనకు ఫోరిడ్ అనే చిన్న ఈగలు (ఇవి తేనెటీగలు కావు) వచ్చి గుడ్లు పెడతాయి. రంగు వెలిసిన గదుల్లో ప్యూపాలుంటాయి, అంటే పురుగు దశ దాటి ఈగలుగా మారుతున్నవి. ఆ గదులు తట్టుకుంటాయి. ఆ భాగాన్నే కదపండి.

పాత రాణి ఎగరడం అబద్ధం. గుడ్లతో పొట్ట ఉబ్బిన రాణిని రెక్కలు మోయలేవు. కొత్త గూటికి వెళ్లేది కూతురు రాణి. అంతకుముందూ ఆ తర్వాతా కూలీలు తల్లిగూటి నుంచి మైనం, మేత వారాల తరబడి మోస్తాయి. ఆ రాకపోకలుండగా ఏ గూటినీ కదపొద్దు.

ఇక మూగే ఈగలు. ఆకులమీద, తీగలమీద రోజుల తరబడి ఊరికే కూర్చుని, వెనక కాళ్లకు పుప్పొడి బుట్టలు లేకుంటే అవి పోతుటీగలు, కొత్త రాణి కోసం వచ్చినవి. ఆమె సాధారణంగా ఒక్కదానితోనే, ఒక్కసారే కలుస్తుంది. లింగ నిర్ణయ జన్యువులో ఆ పోతుటీగకూ ఆమెకూ ఒకే రూపం కలిస్తే, ఫలదీకరణ చెందిన గుడ్లలో సగం కూలీలు కాక పనికిరాని పోతుటీగలవుతాయి. అందుకే పెట్టెలన్నీ ఒకే తల్లిగూటివి కాకుండా చూసుకోవాలి. పొగ పెడితే వచ్చిన వరుణ్నే తరిమినట్టు. జంటలుగా పెనవేసుకుని కిందపడి చస్తుంటే మాత్రం అది పోరే. అప్పుడూ పొగ కాదు, పెట్టెను దూరంగా మార్చండి.