వరుస సంఖ్యల పద సమస్యకు ఒక గుమాస్తా లేఖ

గౌరవనీయులైన వరుస సంఖ్యల పద సమస్య గారికి,

బుచ్చిరెడ్డిపాళెం నుంచి ఒక రైసుమిల్లు గుమాస్తా నమస్కరించి వ్రాయునది. మొన్న ఆదివారం మధ్యాహ్నం తమరు మా ఇంటికి దయచేసి, చేపల పులుసు చల్లారిపోయేదాకా కదలకుండా కూర్చున్నందుకు కృతజ్ఞతలు. పుట్టికి 850 కిలోల చొప్పున ఎన్ని పుట్ల ధాన్యం ఎంత తూగుతుందో కాగితం ముట్టకుండా చెబుతానని మిల్లులో నాకు పేరుంది. ఇంట్లో ఆ పేరు ఆదివారం సాయంత్రం దాకానే నిలిచింది.

ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి హోంవర్కు కాగితంలో తమరు సెలవిచ్చినది ఇది: "మూడు వరుస బేసి సంఖ్యల మొత్తం 78 అయిన, ఆ సంఖ్యలను కనుగొనుము." మొదటిది ఎక్స్ అనుకొని, తక్కినవి ఎక్స్ ప్లస్ 2, ఎక్స్ ప్లస్ 4 అని వ్రాసి కలిపితే మూడు ఎక్స్‌లూ ఒక 6 తేలాయి. 78లో 6 తీసేసి 3తో భాగిస్తే 24 వచ్చింది. 24, 26, 28: మొత్తం చక్కగా సరిపోయింది, బేసి సంఖ్య మాత్రం ఒక్కటీ లేదు.

తప్పు నాదేననుకున్నాను. మధ్య సంఖ్యను ఎక్స్ అనుకొని మళ్లీ చేస్తే 26 వచ్చింది. బేసి సంఖ్యను రెండు ఎన్‌లకు ఒకటి కలిపి వ్రాయాలని ఎప్పుడో విన్న మాట గుర్తొచ్చి అలా చేస్తే, ఎన్ విలువ పదకొండున్నర అయింది. అర బస్తానైతే తూకం వేస్తాను గాని, ఈ అరను ఏ వరుసలో నిలబెట్టను? నాలుగింటికి మా అమ్మాయి పెన్ను మూతపెట్టి, "మూడు బేసి సంఖ్యలు కలిపితే బేసే వస్తుంది కదా నాన్నా, 78 ఎట్టా వస్తుంది?" అంది.

అన్నదమ్ముల వయసులు వరుస సంఖ్యలని చెప్పి ఏ తల్లికో ఏటా కాన్పు రాసిపెట్టారు, పోనివ్వండి. తెరిచిన పుస్తకంలో ఎదురెదురు పుటల మొత్తం 145 అయితే అవి ఏ పుటలని అడుగుతారు. పుస్తకం చేతిలో ఉన్నవాడు చూసి 72, 73 అని చెప్పలేడా? అదీ పోనివ్వండి.

పోనివ్వలేనిది ఒక్కటే. సరి సంఖ్యలకూ ఎక్స్ ప్లస్ 2 అంటారు, బేసి సంఖ్యలకూ అదే అంటారు. మేము ఎవరు ఎవరికి ఏమవుతారో వరుస తెలుసుకొని గాని పిలవము. మీ ఎక్స్ మాత్రం ఎవరు ఏ పేరు పెట్టి పిలిచినా పలుకుతుంది. వరుస ఉంది గాని వావి లేదు. సోమవారం తెలిసిందేమిటంటే, కాగితంలో "సరి" అని పడవలసిన చోట "బేసి" అని పడిందట. కళ్లు మూసుకొని 24, 26, 28 అని వ్రాసిన పిల్లలందరికీ రెండేసి మార్కులు, అలాంటి సంఖ్యలు ఉండవని కారణంతో సహా వ్రాసిన మా పిల్లకు సున్నా. సిగ్గుండాలి నీకు! నీ జవాబు నీ ప్రశ్నకే పనికిరాదని కనిపెట్టిన పిల్లకు సున్నా పెట్టించి, ఏ ముఖంతో మళ్లీ ఈ వారం కాగితంలో మూడో ప్రశ్నగా వచ్చావు?

నిన్న మిల్లులో లాభం, రెండు, మూడు అని లారీకెక్కే బస్తాలు లెక్కపెడుతూ 78 దగ్గర నోరు ఆగిపోయింది. వీపున బస్తాతో వంగి నిలబడిన హమాలీ, "ఏంది సార్, దించమంటారా?" అన్నాడు. ఎక్కించమన్నాను గాని, అది 79వదో 80వదో నాకు తెలియలేదు. మొదటి నుంచి లెక్కపెట్టించాను.

ఇట్లు,
సరి బేసి తెలిసిన ఒక తండ్రి