యాక్టివేట్ అయినంత మాత్రాన లైసెన్సు వచ్చినట్టు కాదు

"డబ్బా లేని ఒరిజినల్ సాఫ్ట్‌వేర్ కొనడం పూర్తిగా చట్టబద్ధం" అనే సందేశం మిత్రుల వాట్సాప్ గ్రూపుల్లో నెలల తరబడి తిరుగుతూనే ఉంది. ఆడిటర్ల దగ్గర పనిచేసేవారు, సొంతంగా డీటీపీ సెంటర్లు నడుపుకునేవారు కూడా అందులో ఒక్క వాక్యమైనా సరిచూసుకోకుండా పక్కవారికి పంపుతున్నారు. విండోస్ 11 ప్రో కీ (యాక్టివేట్ చేయడానికి కొట్టే ఇరవై ఐదు అక్షరాల వరుస) 499 రూపాయలకు, "జీవితకాలపు" ఆఫీస్ 365 ఖాతా 799 రూపాయలకు వస్తుందని చెప్పి, అది తప్పు కాదనడానికి ఆ సందేశం ఆరు కారణాలు చూపుతుంది. వాటిలో రెండు కోర్టుల పేర్లు ఉండబట్టే జనం నమ్ముతున్నారు కనుక ముందు ఆ సంగతి చూడాలి.

సాఫ్ట్‌వేర్ సరుకేనని 2004లో సుప్రీంకోర్టు తేల్చింది కాబట్టి కొన్న సరుకును ఎవరైనా తిరిగి అమ్ముకోవచ్చు అన్నది మొదటి కారణం. ఆ తీర్పు మన రాష్ట్రం నుంచి వెళ్లిన కేసులోనిదే. ఒరాకిల్, లోటస్ వంటి రెడీమేడ్ ప్యాకేజీల అమ్మకంపై 1957 నాటి ఆంధ్రప్రదేశ్ సాధారణ అమ్మకపు పన్ను చట్టం కింద పన్ను వేయవచ్చా లేదా అన్నదే టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్‌కూ రాష్ట్ర ప్రభుత్వానికీ మధ్య నడిచిన వివాదం. వేయవచ్చని ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2004 నవంబరు 5న చెప్పింది. ఎవరు ఎవరికి తిరిగి అమ్ముకోవచ్చో చెప్పడానికి ఆ ధర్మాసనం కూర్చోలేదు. పైగా, ఆ ప్యాకేజీలను ఇతరులకు ఇచ్చే అనుమతి యజమానుల నుంచి టీసీఎస్‌కు ఉందన్న మాట ఆ తీర్పులోనే ఉంది. 499 రూపాయలకు కీ అమ్మేవాడికి అలాంటి అనుమతి ఎవరిచ్చారు? ఆ తర్వాత 2021 మార్చి 2న ఇంజినీరింగ్ అనాలిసిస్ కేసులో అదే సుప్రీంకోర్టు, సాఫ్ట్‌వేర్ కొన్నవారికి దక్కేది పరిమితులతో కూడిన వినియోగపు హక్కు మాత్రమేనని, కాపీరైట్ కాదని స్పష్టంగా చెప్పింది. పాత తీర్పును పట్టుకుని ఊరేగేవారు ఈ కొత్త తీర్పు జోలికే పోరు.

రెండో కారణం ఐరోపా కోర్టు. వాడిన లైసెన్సులను తిరిగి అమ్మే యూజ్డ్‌సాఫ్ట్ సంస్థకూ ఒరాకిల్‌కూ మధ్య కేసులో 2012 జూలై 3న వచ్చిన తీర్పు, డౌన్‌లోడ్ చేసుకున్న సాఫ్ట్‌వేర్‌ను కూడా తిరిగి అమ్ముకోవచ్చని చెప్పిన మాట నిజమే. కాని ఆ మాటకు షరతులు ఉన్నాయి. లైసెన్సు కాలపరిమితి లేనిదై ఉండాలి, మొదట కొన్నవాడు తన దగ్గరున్న ప్రతిని పనికిరాకుండా చేయాలి, గుంపుగా కొన్న లైసెన్సులో మిగిలిన భాగాన్ని విడదీసి అమ్మకూడదు. ఒరాకిల్ అప్పట్లో 25 మంది వాడుకదారులకు ఒక లైసెన్సు చొప్పున అమ్మేది. అలాంటి దాన్ని ముక్కలు చేయడం కుదరదని ఆ కోర్టు ప్రత్యేకంగా చెప్పింది. ఒక సంస్థ కోసం ఇచ్చిన వాల్యూమ్ కీని వందమందికి పంచడం సరిగ్గా ఆ పనే. అంటే తమకు అండ అని చూపుతున్న తీర్పే తమ వ్యాపారాన్ని తప్పుపడుతోంది. అమెరికాలో ఉన్న మనవారికీ ఈ సందేశం పంపుతున్నారు. అక్కడ 2010లో వెర్నర్, ఆటోడెస్క్ కేసులో అప్పీళ్ల కోర్టు, సాఫ్ట్‌వేర్ తీసుకున్నవాడు లైసెన్సు పొందినవాడే గాని ఆ ప్రతికి యజమాని కాడని తీర్పిచ్చింది.

ఒక విషయం మాత్రం ఒప్పుకోవాలి. డబ్బా లేనిదల్లా దొంగసరుకు కాదు. కంప్యూటర్‌తో కలిపి ఇచ్చే ఓఈఎం ప్రతిని విడిగా అమ్మకుండా మైక్రోసాఫ్ట్ అడ్డుకోలేదని జర్మనీ సర్వోన్నత న్యాయస్థానం 2000లోనే చెప్పింది. మన కాపీరైట్ చట్టంలో ప్రతిని అమ్మే హక్కు కాపీరైట్ యజమానిదేనని చెప్పే చోట ఉన్న "ఇంతకుముందు అమ్ముడైనా సరే" అన్న అర్థమిచ్చే మాటలను 1999 సవరణ తొలగించింది. అది పాత ప్రతిని అమ్ముకునేవారి వాదనకు బలమిచ్చే మార్పే. మైక్రోసాఫ్ట్ నిబంధనలు సైతం విడిగా కొన్న రిటైల్ లైసెన్సును మరొకరికి బదిలీ చేయనిస్తాయి. అయితే వీటన్నిటిలోనూ చేతులు మారేది నిజమైన ఒక ప్రతి. వాట్సాప్‌లో వచ్చే ఇరవై ఐదు అక్షరాల వరుస వెనుక ఏ ప్రతి ఉంది?

"యాక్టివేట్ అయితే అసలైనదే" అన్నది ఆ సందేశంలోని మూడో కారణం. కమాండ్ ప్రాంప్ట్‌లో ఎస్ఎల్ఎంజీఆర్ /డీఎల్‌వీ (slmgr /dlv) అని కొట్టి చూడండి. వాల్యూమ్ కేఎంఎస్ క్లయింట్ అని, గడువు 2,59,200 నిమిషాలు లేదా అంతకు తక్కువ అని కనిపిస్తే అది 180 రోజులకొకసారి ఏదో సంస్థ సర్వర్ దగ్గర అనుమతి తెచ్చుకోవాల్సిన రకం. ఇంట్లో వాడుకునే కంప్యూటర్‌కు సంస్థ ఎక్కడిది?

జీఎస్టీ బిల్లు ఇస్తున్నారు అన్నది నాలుగోది. బిల్లు పన్నుకు సాక్ష్యం, హక్కుకు కాదు. అందరూ వాడుతున్నారు అన్నది ఐదోది. దానికి జవాబు అక్కర్లేదు. ఈ రెంటి పక్కనే "తప్పు అమ్మినవాడిదే, కొన్నవాడిది కాదు" అని కూడా చేర్చారు. కాపీరైట్ చట్టం 63బి సెక్షన్ అక్రమ ప్రతి అని తెలిసి వాడినవారి గురించే. ఏడు రోజుల నుంచి మూడేళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా అందులో ఉన్నాయి. లాభం కోసం గాని, వ్యాపారంలో గాని వాడనివారికి జైలు లేకుండా జరిమానాతో సరిపెట్టే వీలుంది. ఆ వెసులుబాటు షాపు నడిపేవారికి లేదు.

ఇంతవరకు డబ్బుకూ చట్టానికీ సంబంధించిన మాట. ఆరోది మాత్రం మనుషులకు నేరుగా హాని చేసేది: "యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ మేమే ఇస్తాం, ఒక టెరాబైట్ వన్‌డ్రైవ్ ఉచితం." వన్‌డ్రైవ్ అంటే ఇంటర్నెట్‌లో ఫైళ్లు దాచుకునే మైక్రోసాఫ్ట్ అర. ఆఫీస్ 365 చందా పద్ధతిలో నడిచేది. అందులో జీవితకాలం అన్నదే లేదు. అమ్మేవాడు ఇస్తున్నది మనం ఎన్నడూ వినని ఒక సంస్థ పేరు మీద తెరిచిన ఉద్యోగి ఖాతానో, విద్యార్థి ఖాతానో. ఆ సంస్థ అడ్మిన్ మన పాస్‌వర్డ్ మార్చగలడు, వన్‌డ్రైవ్ తెరిచి చూడగలడు, ఖాతానే తీసేయగలడు. ఆ ఖాతాతో లాగిన్ అయి వర్డ్‌లో సేవ్ నొక్కితే మొదట చూపేది ఆ వన్‌డ్రైవ్‌నే. ఆడిటర్ ఆఫీసులో సేవ్ అయ్యేది ఏమిటి? క్లయింట్ల పాన్ కార్డులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు. డీటీపీ సెంటర్‌లో? దస్తావేజుల ముసాయిదాలు, ఆధార్ నకళ్లు. ఊరివాళ్లు నమ్మి ఇచ్చిన కాగితాలను ముక్కూమొహం తెలియనివాడి బీరువాలో పెట్టి, తాళంచెవి కూడా అతనికే ఇచ్చే ఈ పనిని "స్మార్ట్ సేవింగ్" అంటూ ఫార్వర్డ్ చేయడానికి మనసెలా ఒప్పుతోంది?

ధర ఎక్కువన్న బాధ నిజమైనదే, దాన్ని నేను కాదనను. అయితే బ్రాండెడ్ ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి విండోస్ లైసెన్సు కొన్నప్పుడే వస్తుంది, ఉత్తరాలూ పట్టికలూ చేసుకోవడానికి లిబ్రేఆఫీస్ ఉచితం. ఇప్పటికే అలాంటి ఖాతా కొన్నవారు ఈరోజే ఫైళ్లన్నీ సొంత డిస్క్‌లోకి దించుకుని, వన్‌డ్రైవ్‌లో ఉన్నవి తుడిచి, ఆ ఖాతా నుంచి సైన్ అవుట్ కావాలి. ఆ ఫైళ్లలో బ్యాంకు, ఆదాయపు పన్ను పోర్టల్ పాస్‌వర్డ్లు రాసిపెట్టుకుని ఉంటే వాటిని కూడా మార్చుకుని, ఎవరి కాగితాలు అందులో ఉన్నాయో వారికి చెప్పాలి.