బ్లౌజ్ పక్కన పెట్టండి, ముందు సంచి కుట్టండి

అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్, కూకట్‌పల్లి... ఏ గల్లీలోకి పోయినా అదే బోర్డు: మగ్గం వర్క్, బ్లౌజ్ కటింగ్, నెల రోజుల్లో నేర్పబడును. పెడల్ మీద కాలు ఇంకా కుదరని మనిషి చేతికి మొదటి వారమే ప్రిన్సెస్ కట్ బ్లౌజ్ కొలతలు గీసే డ్రాఫ్టింగ్ ఇస్తారు. రెండు నెలలు తిరిగేసరికి ఇంట్లో ఆ మిషన్ మీద ఉతికిన బట్టలు మడతలు పెట్టి ఉంటాయి. "నాకు టైలరింగ్ రాదులే" అని ఆమె తీర్మానం చేసుకుంటుంది. రానిది ఆమెకు కాదు, నేర్పిన వరుసే తలకిందులు.

బ్లౌజ్‌లో కష్టమంతా చంక దగ్గర. చెయ్యి ముక్క పైభాగం బయటికి ఉబ్బి ఉంటుంది, బాడీ ముక్క లోపలికి తవ్వినట్టు ఉంటుంది. ఈ రెండు వంపులనూ అంచుకు అంచు కలపాలి. పైగా చెయ్యి వంపు చంక కంటే కొంచెం పొడవుగానే కట్ చేస్తారు, ఆ ఎక్కువంతా ఎక్కడా కుచ్చు పడకుండా ఇమిడిపోవాలి. దీనికి తోడు జారే పట్టు, లైనింగ్, ఒంటికి అమరేలా వేసే మడతల కుట్లు (డాట్లు), హుక్ పట్టీ, మెడకు క్రాస్‌గా, అంటే ఐమూలగా కత్తిరించిన గుడ్డతో పైపింగ్. పది అంగుళాలు తిన్నగా కుట్టడం రాని చేతికి ఇవన్నీ ఒకేసారా?

మొదట కావాల్సింది గీతల నోట్‌బుక్ కాగితం. దారం తీసేసి, పాత సూదితో, గీత మీద కుట్టుకుంటూ పోవాలి. కాలు మిషన్ అయితే చక్రం మీ వైపుకే తిరగాలి; మొదలుపెట్టేటప్పుడు చేత్తో ఓసారి ముందుకు తిప్పి, ఆ ఊపుకు కాలు కలపాలి. వెనక్కి తిరిగిందా, దారం తెగడమో చిక్కుపడడమో ఖాయం. కొత్తవాళ్ల దారం మాటిమాటికీ తెగుతోందంటే ముందు చూడాల్సింది వాళ్ల కాలినే. మూల దగ్గర సూదిని గుడ్డలో దించి, ఫుట్ (గుడ్డను పైనుంచి నొక్కి పట్టే మిషన్ పాదం) లేపి, గుడ్డ తిప్పి, ఫుట్ మళ్లీ దించడం కూడా ఈ కాగితం మీదే రావాలి.

ఇక "మిషన్ పాడైంది" అనే మాట. గుడ్డ కింద దారం గూడు కట్టగానే అందరూ కిందిదారం ఉండే బాబిన్ కేసు స్క్రూ మీద పడతారు. దాన్ని ముట్టుకోకండి. కింద గూడు కట్టిందంటే నూటికి తొంభై సార్లు తప్పు పైదారానిదే. ఫుట్ దించి ఉంచి దారం ఎక్కిస్తే అది దారాన్ని బిగించి పట్టే టెన్షన్ బిళ్లల మధ్యకు దిగదు, పైనుంచి పట్టు ఉండదు, కింద గుట్టలుగా పడుతుంది. ఫుట్ లేపి మొత్తం మళ్లీ ఎక్కించండి, చాలా మటుకు అక్కడితో సరిపోతుంది. కుట్టు మధ్యలో మధ్యలో తప్పిపోతుంటే సూది చూడండి. సూదికి ఒకవైపు పొడవైన గాడి, రెండోవైపు మొదట్లో చదును ఉంటాయి. దారం గాడి వైపు నుంచి దూరి చదును వైపు రావాలి. తిప్పి పెడితే ఒక్క కుట్టూ సరిగ్గా పడదు. పట్టు, జార్జెట్‌కు 11 నంబరు సూది, మామూలు కాటన్‌కు 14, కాన్వాస్, జీన్స్‌కు 16. గుడ్డలో దిగేటప్పుడు టక్ టక్ మంటోందంటే మొన మొద్దుబారింది, తీసి పారేయండి. కొన్ని రూపాయల సూది మొహం చూసి వందల రూపాయల గుడ్డకు పోగులు లాగిస్తారు కొందరు!

ఇప్పుడు సంచి. జనరల్ బజార్‌లోనో కోఠిలోనో మందపాటి కాటన్ కాన్వాస్ ఒక మీటరు, 44 అంగుళాల పన్నాది తీసుకోండి. తడిపి, ఆరేసి, ఇస్త్రీ చేశాకే కత్తెర పెట్టాలి. బాడీకి 15 అంగుళాల వెడల్పు, 33 పొడవుతో ఒకే ముక్క. అడుగున కుట్టు ఉండదు కాబట్టి బరువుకు విడిపోయేదీ ఉండదు. పట్టీలకు 4 × 24 ముక్కలు రెండు. ఆ మీటరులోనే ఇంకో బాడీ ముక్క కూడా వస్తుంది, రెండో సంచికి దాన్ని లైనింగ్‌గా వాడుకోవచ్చు.

పట్టీని నిలువునా నాలుగు మడతలు వేస్తే అంగుళం వెడల్పు అవుతుంది, రెండంచులా కుట్టండి. బాడీ పొట్టి అంచులు రెండూ అర అంగుళం, ఆపైన అంగుళం లోపలికి మడిచి, ఒక్కో పట్టీ కొసలను పక్క అంచుల నుంచి నాలుగున్నర అంగుళాల దగ్గర ఆ మడతలో దూర్చి కుట్టేయాలి. తర్వాత పట్టీని పైకి తిప్పి, పై అంచు దగ్గర ఇంకో కుట్టు. ఇదంతా గుడ్డ పరిచి ఉండగానే అయిపోవాలి. పక్కలు కుట్టాక పట్టీలు పెట్టబోతే సంచి మూతిని మిషన్ మీద తిప్పలేక నరకం కనిపిస్తుంది. చాలామంది చేసేది అదే.

పట్టీ దగ్గర ఏడు పొరలు వస్తాయి. 14 సూది వంగుతుంది, విరుగుతుంది కూడా. 16 వేసి, పెడల్ వదిలేసి, చక్రం చేత్తో తిప్పుతూ దాటించండి. మెట్టు ఎక్కేటప్పుడు ఫుట్ ముక్కు పైకి లేచి కుట్లు చిన్నవై అక్కడే పడుతుంటాయి. అంతే మందం మడిచిన గుడ్డ పీలిక ఫుట్ వెనక భాగం కింద పెడితే సమంగా నడుస్తుంది. కుట్టు అంగుళానికి ఎనిమిది చాలు.

లోపలివైపు బయటికి పెట్టి, సగానికి మడిచి, పక్కలు అర అంగుళం మార్జిన్‌తో కుట్టాలి. పక్క కుట్టు అడుగు మడత మీదికి వచ్చేలా మూలను త్రికోణంలా పరిచి, మొన నుంచి అంగుళంన్నర లోపల అడ్డగీత గీయండి. కొలిస్తే ఆ గీత మూడు అంగుళాలు ఉండాలి. దాని మీద రెండుసార్లు కుట్టి మొన కత్తిరించేస్తే అడుగు మూడు అంగుళాల వెడల్పుతో నిలబడుతుంది. సంచి 11 వెడల్పు, పదమూడున్నర ఎత్తు తేలుతుంది. అంచుల పోగులు ఊడకుండా వేసే జిగ్‌జాగ్ కుట్టు మీ మిషన్‌లో లేకపోతే ఫాల్, పీకో చేసేవాళ్ల దగ్గర ఓవర్‌లాక్ చేయించండి. మెహదీపట్నం రైతు బజార్‌లో కూరగాయలు నింపి చూస్తే మీ పట్టీ కుట్టు సంగతి అక్కడే తేలుతుంది.

సంచి తర్వాత దిండు గలీబులు, ఆ తర్వాత కలీల లంగా. కలీల లంగాలో క్రాస్ అంచును నిలువు అంచుకు కలపాల్సి వస్తుంది. క్రాస్ అంచును కింద, గుడ్డను ముందుకు నడిపే మిషన్ దంతాల వైపు పెట్టండి. పైన పెడితే సాగిపోయి చివర్లో అంగుళం మిగులుతుంది. కుట్టాక రాత్రంతా వేలాడదీసి, పొద్దున్నే కింద అంచు సమం చేసి మడవాలి.

బ్లౌజ్ ఆపైన. మ్యాచింగ్ సెంటర్‌లో తెచ్చిన కాటన్ లైనింగ్‌ను రాత్రి నీళ్లలో నానబెట్టాల్సిందే. లేకపోతే మొదటి ఉతుకులో లైనింగ్ కుదించుకుని పైన పట్టు ముడతలు పడుతుంది. ముందు ఆ లైనింగ్ ఒక్కదాన్నే పొడవు కుట్లతో జోడించి, చేతులతో సహా వేసుకుని, చెయ్యి పైకెత్తి చూడండి. చంక పట్టేసినా, డాట్ మొన పక్కకు పోయినా కుట్లు విప్పి సరిచేయండి. పక్కల్లో అంగుళంన్నర మార్జిన్ వదిలి, సరిచేసిన ఆ ముక్కలనే పట్టు మీద పరిచి కత్తిరించండి.