మందంగా కోటింగ్ వేయిస్తే షాఫ్టు బలపడుతుందా?

అరిగిన పంపు షాఫ్టుల గురించి ఒక సలహా బాగా తిరుగుతోంది: "ఎంత గట్టి కోటింగ్‌ని ఎంత మందంగా వేయిస్తే అంత మన్నిక. పాత షాఫ్టు కొత్తదానికన్నా బలంగా తయారవుతుంది."

"కొత్తదానికన్నా బలం" అన్నది ముందు తేల్చాలి, ఎందుకంటే ఇది నమ్మితే షాఫ్టు విరిగే ప్రమాదం ఉంది. కోటింగ్ అరుగుదలను ఆపుతుందే గాని టార్క్‌ను మోయడానికి పనికిరాదు. 50 మి.మీ. షాఫ్టును కోటింగ్ కోసం చుట్టూ 1 మి.మీ. లోతున లేత్ మీద తీస్తే మిగిలేది 48. మెలిక తట్టుకునే శక్తి వ్యాసం ఘనాన్ని బట్టి ఉంటుంది కాబట్టి సుమారు 11.5 శాతం పోయింది. పైన మళ్ళీ 50కి నింపినా అది తిరిగి రాదు. తీసిన చోట మూలకు రేడియస్ (గుండ్రటి వంపు) ఇవ్వకపోతే పగులు అక్కడే పుడుతుంది. హార్డ్ క్రోమ్‌లో (ప్లేటింగ్‌తో వేసే గట్టి క్రోమియం పొర) సహజంగానే సన్నని పగుళ్ళుంటాయి, అవి ఫెటీగ్ బలాన్ని, అంటే పదేపదే పడే లోడును తట్టుకునే శక్తిని, తగ్గిస్తాయి. పైగా హై టెన్సైల్ స్టీలు ప్లేటింగ్‌లో హైడ్రోజన్ పీల్చుకుని పెళుసవుతుంది. ఆ హైడ్రోజన్ పోవడానికి, ప్లేటింగ్ అయిన కొద్ది గంటల్లోపే షాఫ్టును ఓవెన్‌లో పెట్టి, 190–220 డిగ్రీల సెల్సియస్ దగ్గర గంటల తరబడి ఉంచాలి.

"ఎంత మందమైతే అంత" కూడా తప్పే. హెచ్‌వీఓఎఫ్ పద్ధతిలో (వేడి వాయువుతో పొడిని అతివేగంగా స్ప్రే చేయడం) కొట్టే టంగ్‌స్టన్ కార్బైడ్ గ్రైండింగ్ తర్వాత సాధారణంగా 100–300 మైక్రాన్లు ఉంటే చాలు. పొర పెరిగేకొద్దీ లోపలి ఒత్తిడి పెరిగి అంచుల దగ్గర లేస్తుంది. అరుగుదల మరీ లోతుగా ఉంటే స్లీవ్ (లోహపు గొట్టం) తొడగడమే మేలు.

స్ప్రే కోటింగ్ ఊడితే ఆ పెచ్చును తిప్పి చూడండి. అడుగు నున్నగా, షాఫ్టు లోహం బయటపడి ఉంటే తప్పు చాలావరకు గ్రిట్ బ్లాస్టింగ్‌లోనో (గరుకు రేణువులు కొట్టి ఉపరితలాన్ని గరుకు చేయడం), నూనె పూర్తిగా తుడవకపోవడంలోనో ఉంది. ఈ పొర ప్రధానంగా గరుకుదనాన్ని పట్టుకునే నిలుస్తుంది. పెచ్చు మధ్యలోనే చీలితే స్ప్రేనే అనుమానించాలి. గ్రైండింగ్‌కు డైమండ్ వీల్ వాడాలి, మామూలు వీల్ వేడికి కార్బైడ్ పగులుతుంది.

ఇక గట్టిదనం. విక్కర్స్ అనే గట్టిదనం కొలతలో సుమారు 1000–1300 ఉన్న కార్బైడ్ ఇసుక నీటికి బాగా ఆగుతుంది, నిజమే. కానీ పైన రబ్బరు లిప్ సీల్ (నూనె కారకుండా ఆపే రింగు) కూర్చుంటే ఫినిష్ ముఖ్యం: ఆర్‌ఏ (సగటు గరుకుదనం) 0.2–0.8 మైక్రాన్లు, స్పైరల్ గీతలు లేకుండా. లెవెల్ చేసిన షాఫ్టుకు పల్చగా నూనె రాసి, దారం వేసి, కొసకు చిన్న బరువు కట్టి నెమ్మదిగా తిప్పండి. దారం ఒక పక్కకు జరిగి, తిప్పే దిశ మార్చగానే రెండో పక్కకు జరిగితే గీతలున్నట్టే. మర తిరిగినట్టు అవే నూనెను బయటికి తోస్తాయి.