జేజికి కొత్త వెర్షన్ ఎప్పుడొస్తుంది?

పెద్దవాళ్ల ఒంటరితనం పోగొట్టడానికి పుట్టిన యాప్‌ల మీద ఈ మధ్య చాడీలు ఎక్కువయ్యాయి. అక్షరం కనపడదంట, నొక్కితే పలకదంట, నిన్న ఉన్న బటన్ ఇవాళ లేదంట. ఈ ఆరోపణలన్నీ నిష్పక్షపాతంగా పరిశీలించాం. యాప్‌లలో ఏ లోపమూ లేదు. బెంగళూరులో ఏసీ గదిలో కూర్చుని, కొత్త ఫోన్ల మీద, ఇరవై నాలుగేళ్ల కుర్రాళ్లు పరీక్షించినప్పుడు వెన్నపూసలో వేలు పెట్టినట్టు సాగిపోయింది. అదే యాప్ బుచ్చిరెడ్డిపాళెంలో జేజి, అంటే నాయనమ్మ, చేతికిస్తే మొరాయించింది. యాప్ మారలేదు, చెయ్యి మారింది. తప్పు ఎవరిదో తేల్చడానికి పంచాయితీ కూడా అక్కర్లేదు.

అందుచేత యాప్‌లను సవరించే దుబారా ఇంతటితో ఆపి, జేజిని సవరించాలని ప్రతిపాదిస్తున్నాం.

పని వేళ్ల దగ్గర మొదలుపెట్టాలి. ఫోన్ తెరకి వేలు ఎంత గట్టిగా నొక్కిందన్నది పట్టదు. తెర మీద పరుచుకున్న సన్నటి విద్యుత్ క్షేత్రాన్ని వేలు కదిలించిందా లేదా అన్నదే దానికి లెక్క. ఆ కదిలించడానికి చర్మంలో కాస్త తేమ ఉండాలి. నలభై ఏళ్లు పెన్నా డెల్టా మళ్లలో నాట్లేసిన వేళ్లు, ఒంగోలు పక్క పొగాకు ఆకు గ్రేడింగు చేసిన వేళ్లు ఎండిపోయి, కాయలు కాసి ఉంటాయి. వాటిని తెర లెక్కచెయ్యదు. ఒకటో తారీఖు పింఛను తెచ్చే సచివాలయం ఉద్యోగి చేతిలో మెషీనూ ఆ వేళ్లను ఒక పట్టాన ఒప్పుకోదు. అక్కడ గీతలు అరిగిపోయాయని, ఇక్కడ చర్మం ఆరిపోయిందని. తడిగుడ్డకి వేలద్ది, తుడుచుకుని నొక్కితే చాలావరకు పలుకుతుంది. తుడుచుకోకుండా నొక్కితే నీటిబొట్టునే వేలనుకుని కందుకూరులో ఉన్న వియ్యపురాలికి అర్ధరాత్రి వీడియో కాల్ కలిపేస్తుంది.

నొక్కినా చిక్కే. పెద్దవాళ్లు బటన్‌ని తలుపు గడియ నొక్కినట్టు నిదానంగా, నమ్మకంగా నొక్కుతారు. దాదాపు అర సెకను దాటితే ఫోన్ దాన్ని నొక్కడం అనుకోదు, నొక్కిపట్టడం అనుకుంటుంది. అప్పుడు కావలసింది తెరుచుకోదు, ఎవరూ అడగని మెనూ ఒకటి పైకి లేస్తుంది. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ కింద 'టచ్ అండ్ హోల్డ్ డిలే' అని ఒకటుంది. దాన్ని 'లాంగ్' చేస్తే సగం గొడవ తీరుతుంది. కానీ అది పెద్దవాళ్లకి పనికొచ్చేది గనక పెద్దవాళ్లకి దొరకని చోటే దాచారు. భద్రత అంటే అదీ!

వాట్సాప్‌లో మాట రికార్డు చేసి పంపే పద్ధతైతే సర్కస్ వాళ్లు రూపొందించి ఉండాలి. మైకు బొమ్మ మీద వేలు ఆనించి, ఆనించినంతసేపే మాట్లాడాలి. ఎత్తితే అప్పటిదాకా అన్నది వెళ్లిపోతుంది. వేలు పైకి జరిపితే తాళం పడి, వదిలేసినా రికార్డవుతూనే ఉంటుంది. ఎడమ పక్కకి జరిపితే మొత్తం చెత్తబుట్టలోకి. ఇప్పుడు వణికే కుడిచేతి బొటనవేలు ఎటు జారుతుందో ఊహించండి. "నాయనా, బస్సుకి ఊరగాయ జాడీ పంపిస్తుండా, మూత గట్టిగా బిగించుండా, నిలబెట్టే ఉంచు" అని జేజి ఒకటిన్నర నిమిషం చెప్తుంది. 'నిలబెట్టే' దగ్గర వేలు ఎడమకి జారుతుంది. చెత్తబుట్ట బొమ్మ ఒకసారి మూత తెరిచి మూసుకుంటుంది. చూడముచ్చటగా ఉంటుంది. చెప్పానన్న నిశ్చింతతో జేజి, ఏమీ రాలేదన్న నిశ్చింతతో మనవడు. జాడీ అడ్డంగా ప్రయాణిస్తుంది.

బటన్ కనీసం 48 డీపీ (తెర మీద సైజులు కొలిచే కొలత) ఉండాలని, అంటే తెర మీద సుమారు 9 మిల్లీమీటర్లు, ఆండ్రాయిడ్ కోసం గూగుల్ రాసిపెట్టిన నియమం. కాబూలీ శనగ గింజంత. అంత పెద్దది పెడితే తెర అందం చెడిపోతుందని డిజైనర్ల బాధ. శనగలు పండే ప్రకాశం జిల్లాలో ఈ బాధ ఎవరికీ అర్థం కాకపోవడం విచారకరం.

కళ్ల సంగతి తొందరగా చెప్పేద్దాం. అక్షరానికీ వెనక రంగుకీ కాంతి తేడా కనీసం 4.5కి 1 ఉండాలని వెబ్ ప్రమాణాలు చెప్తున్నాయి. తెల్ల గోడ మీద సున్నంతో రాసినట్టు లేత బూడిద అక్షరాలు పెట్టేవాళ్లు ఆ ప్రమాణాన్ని చదివారో లేదో గానీ, లేత అక్షరంలోనే చదివి ఉంటారు. వయసుతో కంటి కటకం పసుపెక్కుతుంది, నీలం మసకబారుతుంది. అందుకేనేమో ముఖ్యమైన లింకులన్నీ నీలంలో ఉంటాయి.

తెలుగు మీద మాత్రం కాసేపు ఆగాలి. మన లిపికి కింద వత్తులున్నాయి, పైన గుడులున్నాయి. ఇంగ్లీషు లెక్కన వరుస ఎత్తు పెట్టి అక్షరం పెద్దది చేస్తే 'అమ్మ' కింది వత్తు తెగి 'అమ' మిగులుతుంది. బటన్ వెడల్పూ ఇంగ్లీషు మాటకే కొలిచి ఉంటుంది. అందులో 'నిర్ధారించు', 'నిరాకరించు', 'నిష్క్రమించు' అని మూడు బటన్లు పెట్టి, అక్షరం సైజు పెంచి చూడండి. మూడూ 'ని...' అయిపోతాయి. డబ్బు పంపేది, వద్దనేది, బయటికి పొయ్యేది మూడూ కవలల్లా వరసగా నిలబడి చూస్తుంటాయి. 'సరే', 'వద్దు', 'బయటికి' అని రాస్తే ఎంత పెద్ద అక్షరమైనా పడుతుంది. కానీ అవి జనం మాట్లాడే మాటలు, వాటికి గౌరవం ఉండదు.

వయసుతో వినికిడిలో ముందు పొయ్యేవి సన్నటి పైస్థాయి శబ్దాలు. కంపెనీలు ఇచ్చే రింగ్‌టోన్లు చాలావరకు అవే: గాజు గంటలు, పిట్టల కూతలు. ఫోన్‌కి మోతలు కూడా ముఖ్యంగా మూడు రకాలు: మోగేది ఒకటి, పాటలది ఒకటి, మాట్లాడేటప్పటిది ఒకటి. పక్కనున్న మీట అప్పుడు ఏది నడుస్తుంటే దాన్నే మారుస్తుంది. బొడ్లో దోపుకున్న ఫోన్ మోగేటప్పుడు చీర మడతలో మీట నొక్కుకుపోయి మోత ఆగిపోతే, "జేజి ఎత్తట్లేదు" అని ఒంగోలు నుంచి హైదరాబాదు దాకా కంగారు. డప్పులాంటి బొంగురు శబ్దం పెట్టి, వైబ్రేషన్ వేసి, ఫోన్‌ని స్టీలు పళ్లెంలో పెడితే ఇల్లంతా వినపడుతుంది. ఈ పళ్లేన్ని ఏ కంపెనీ ఇంతవరకు ఉపకరణంగా అమ్మకపోవడం ఆశ్చర్యమే.

ఇక జ్ఞాపకశక్తి. చదువు రాని మనిషి తెరని చదవదు, చోటుని గుర్తుపెట్టుకుంటుంది: పైనుంచి రెండోది మనవడు, కింద ఆకుపచ్చది మాట్లాడేది. ఒక రాత్రి అప్‌డేట్ వచ్చి అన్నిటినీ జరుపుతుంది. పొద్దున లేచేసరికి వంటింట్లో ఉప్పుడబ్బా, పంచదారడబ్బా ఎవరో మార్చి పెట్టినట్టు. మార్కాపురం పలక తరతరాలు బళ్లకి పోయింది, ఒక్క అప్‌డేట్ అడగలేదు. ఆ అజాగ్రత్త వల్లే దాని వ్యాపారం దెబ్బతినిందని మా అనుమానం.

జేజికి తోడుగా కబుర్లు చెప్పే కృత్రిమ మేధని కూడా తెస్తున్నారు. అది "మీరు భోజనం చేశారా?" అని వార్తలు చదివినట్టు అడుగుతుంది. జేజి "యాడ తినేది, ఇంకా పొయ్యే ఎలిగించలా" అంటే, దగ్గర్లోని ప్రయాణ ఏర్పాట్లు చూపిస్తుంది.

ఇన్ని సవరణల తర్వాత జేజి కొత్త వెర్షన్ సిద్ధమైనా, తీగకి రెండో చివర ఒకటుంది. దాన్ని పరీక్షించాలని ఎవరికీ తోచినట్టు లేదు.

పొద్దున అయిదున్నరకి కుటుంబం గ్రూపులో గులాబీ పువ్వు మీద 'శుభోదయం' బొమ్మ పడుతుంది. దీని మీద నవ్వని కుర్రాడు లేడు. గ్రూపుని మ్యూట్ చేసేటప్పుడు వాట్సాప్ మర్యాదగా అడుగుతుంది: 8 గంటలా, వారమా, ఎల్లప్పుడూనా? మూడోది తప్ప తక్కిన రెండూ ఎందుకు పెట్టారో తెలియదు. ఆ గులాబీకి అర్థం 'లేచాను, కళ్లు కనపడుతున్నాయి, వేలు కదులుతోంది' అని. బిట్రగుంటలో రైల్వేలో రిటైరైన తాతని ప్రభుత్వం ఏడాదికోసారి, నవంబరులో, బతికే ఉన్నావా అని అడుగుతుంది. దానికోసం 2014లో జీవన్ ప్రమాణ్ అని డిజిటల్ పత్రమే పెట్టింది. ఇంట్లోవాళ్లకి ఆ పత్రం రోజూ ఉచితంగా వస్తుంటే మ్యూట్‌లో పెడతారు. ఏడున్నరకి కూడా గులాబీ రాకపోతే కొడుకు ఫోన్ మోగేలా చెయ్యడం పెద్ద సాంకేతికతేం కాదు. కొడుకు పంపిన మాటకి చాలాసేపు ఒక్క బూడిద టిక్కు గీతే ఉంటే అవతల ఫోన్ ఆగిపోయిందని, నెట్ లేదని లెక్క. బొమ్మలతో ఫోన్ నిండిపోతుందన్న వంక ఒకటి చెప్తారు. స్టోరేజ్ అండ్ డేటాలో ఆటో డౌన్‌లోడ్ ఆపేస్తే నిండదు. అది కొడుకు సెలవుకి వచ్చినప్పుడు రెండు నిమిషాల పని.

నెట్ ఎందుకు లేదంటే, నెల రీచార్జి చాలావరకు 28 రోజులకే ముగుస్తుంది. ఏడాదికి 12 కాదు, 13 చెయ్యాలి. పింఛనేమో ఒకటో తారీఖునే వస్తుంది, రీచార్జి తేదీ నెలనెలా వెనక్కి జరుగుతుంది. 365 రోజుల ప్యాక్ కొడుకే ఒక్కసారి వేసేస్తే ఈ దిగులుండదు. ఏ డిజైన్ సదస్సులోనూ రీచార్జి మాట వినపడదు. అది యూజర్ ఎక్స్‌పీరియన్స్ కిందికి రాదేమో.

డల్లాస్‌లో రాత్రి 9 అయితే ఇక్కడ పొద్దున 7:30. నవంబరు మొదటి ఆదివారం వాళ్లు గడియారం గంట వెనక్కి తిప్పుకుంటారు, అప్పట్నుంచి అదే 9 గంటల కాల్ ఇక్కడ 8:30కి వస్తుంది. మార్చి రెండో ఆదివారం మళ్లీ మామూలు. ఈ సంగతి ఫోన్‌కి తెలుసు, మనవడికి తెలుసు. జేజికి ఎవరూ చెప్పరు. ఆ సోమవారం స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, ఫోన్‌ని పళ్లెంలో పెట్టుకుని గంటసేపు అరుగు మీద కూర్చుంటుంది.

న్యాయంగా ఒప్పుకోవాల్సింది ఇంకొకటుంది. పెద్దవాళ్లతో విసుక్కోకుండా, పెట్టెయ్యకుండా, గంటలకొద్దీ వీడియో కాల్‌లో ఉండే వర్గం ఒకటి నిజంగానే ఉంది. పోలీసు యూనిఫాం వేసుకుని 'డిజిటల్ అరెస్ట్' అనేవాళ్లు. చట్టంలో అలాంటి అరెస్టే లేదని 2024 అక్టోబరులో ప్రధానమంత్రి మన్ కీ బాత్‌లోనే చెప్పాల్సొచ్చింది. డబ్బు పోతే వెంటనే 1930కి చెయ్యాలి. వాట్సాప్ ప్రైవసీలో కాల్స్ కింద తెలియని నంబర్ల మోత ఆపే మీట కూడా ఉంది. దాన్ని వేసేముందు మనవడి కొత్త నంబరు సేవ్ చేసి ఉందో లేదో చూసుకోవాలి. లేకపోతే వాడూ తెలియనివాళ్లలో కలిసి మోగకుండా పోతాడు.

చివరికి వినియోగదారు అభిప్రాయం కూడా తీసుకోవాలన్నది నియమం కాబట్టి, అయిదు నక్షత్రాల ఫారం జేజి ముందు పెట్టి ఏ మార్పు కావాలో అడిగితే ఏమంటుందో ఊహించడం కష్టం కాదు. నక్షత్రాల జోలికి పోదు. తెర కింద కాల్ పెట్టేసే ఎర్ర బటన్‌ని వేలితో చూపిస్తుంది.

"ఇది నా దగ్గర ఉండనీ అబ్బయా. ఆ పక్క వాడి దగ్గర తీసెయ్."