సంచి దింపితే సరిపోతుందా?

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో 2025-26 విద్యా సంవత్సరం నుంచి శనివారాలు నో బ్యాగ్ డే. పుస్తకాల సంచి ఇంట్లో పెట్టి రావాలి. ఆ రోజంతా ఆటలు, పాటలు, బొమ్మలు, క్విజ్‌లు. మంచి నిర్ణయమే, వంక పెట్టాల్సిన పనిలేదు. నా పేచీ వేరే చోట ఉంది. పిల్లల సమగ్ర వికాసం అనగానే మన విద్యాశాఖలకు తోచేది ఇంకో పీరియడ్, ఇంకో ‘డే’, ఇంకో కార్డు. పిల్లవాణ్ణి అన్ని వైపుల నుంచీ చూడాలంటే ముందు చూసే మనిషి ఉండాలి, ఆ మనిషికి తీరిక ఉండాలి. మన ప్రాథమిక బడుల్లో కరువైంది ఆ తీరికే.

కాగితం మీద మాత్రం ఏ లోటూ లేదు. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ పిల్లల సర్వతోముఖాభివృద్ధి గురించి, భయం, ఆందోళన లేని చదువు గురించి చెప్పింది. 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది. 2020 జాతీయ విద్యా విధానం మార్కుల కాగితం బదులు సమగ్ర ప్రోగ్రెస్ కార్డు ఇవ్వమంది. అందులో టీచరే కాదు, పిల్లవాడు తన గురించి తాను, తోటి పిల్లలు అతని గురించి ఏమనుకుంటున్నారో కూడా ఉండాలంది.

ఆ కార్డులో ఏం రాయాలో తెలియాలంటే మధ్యాహ్న భోజనం వేళ ఏ ఊరి బడి వరండాలోనైనా కాసేపు నిలబడాలి. ఒకడు గుడ్డు తినడు, కాగితంలో చుట్టి జేబులో పెట్టుకుంటాడు. ఇంట్లో చెల్లెలుంది. ఇంకో పిల్ల సోమవారం వస్తే చాలు, రెండోసారి అన్నం పెట్టించుకుంటుంది. ఆదివారం బడి లేదు, భోజనమూ లేదు. ఎవరు ఎవరి పక్కన కూర్చోవడం లేదో, ఎందుకు కూర్చోవడం లేదో అన్నీ వడ్డించే ఆమెకు తెలుసు. ఆంధ్రప్రదేశ్‌లో ఆమెకిచ్చే గౌరవ వేతనం నెలకు 3,000 రూపాయలు, అదీ నెలనెలా చేతికందుతుందన్న నమ్మకం లేదు. పిల్లల గురించి జరిగే ఏ మీటింగులోనూ ఆమెకు కుర్చీ వేయరు. బడిలో అందరికంటే ఎక్కువ తెలిసిన మనిషిని గిన్నెలు కడిగే మనిషిగానే లెక్కేస్తున్నాం.

ఇక టీచర్. 60 మంది పిల్లల దాకా కనీసం ఇద్దరు టీచర్లు ఉండాలని విద్యాహక్కు చట్టమే చెబుతోంది. అయినా ఏకోపాధ్యాయ బడులు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మామూలైపోయాయి. ఒక్క మనిషి, ఐదు తరగతులు. ఆమె సెలవు పెడితే పక్కూరి బడి నుంచి ఎవరినో సర్దుబాటు చేస్తారు, లేదంటే తాళమే. ఉన్న కాస్త సమయాన్నీ ఫోన్ తినేస్తుంది. హాజరు, గుడ్ల లెక్క ఒక్కొక్కటీ అప్‌లోడ్ చేయాలి. సిగ్నల్ లేని ఊళ్లో మేడ ఎక్కి ఫోన్ పైకెత్తి నిలబడాలి. జనాభా లెక్కలు, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప బోధనేతర పనులు టీచర్లకు అప్పగించరాదన్న 27వ సెక్షన్ కూడా ఆ చట్టంలోనిదే. యాప్‌ల పని బోధనేతరం కాదని ఎవరైనా వాదిస్తే వినాలనుంది.

పిల్లలు తగ్గారని టీచర్లను తగ్గించాం. టీచర్ ఒక్కరే ఉన్నారని తల్లిదండ్రులు పిల్లల్ని ప్రైవేటు స్కూలు బస్సెక్కిస్తున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 నాటి 117 జీవో మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని ఊరి బడి నుంచి తీసి హైస్కూళ్లలో కలిపింది. 2025లో దాన్ని పక్కనపెట్టి, తరగతికో టీచర్ ఉండే మోడల్ ప్రైమరీ స్కూళ్లు తెచ్చారు. తరగతికో టీచర్ అన్నది సరైన దారే. కానీ మోడల్ స్కూల్ దాకా నడవలేని ఆరేళ్ల పిల్ల చిన్న బడిలోనే చదవాలి, అలాంటి చాలా బడుల్లో టీచర్ ఇప్పటికీ ఒక్కరే.

చిన్న బడి అంటే తక్కువ బడి కాదని మదనపల్లె దగ్గర రిషివ్యాలీ చుట్టుపక్కల పల్లెల్లో పద్మనాభరావు, రమ దంపతులు చేసి చూపించారు. పాఠ్యపుస్తకాన్ని విడగొట్టి కార్డులుగా మార్చారు. ఎవరు ఏ మెట్టు మీదున్నారో గోడమీది నిచ్చెన పటం చూసి పిల్లలే తెలుసుకుని, తమ కార్డు తీసుకుని పని మొదలుపెడతారు. అందరికీ ఒకేసారి పాఠం చెప్పే పని తప్పింది కనుక టీచర్ కింద కూర్చుని, సాయం కావాల్సిన నలుగురితో మాట్లాడగలరు. మెట్రిక్ మేళా పెట్టి పిల్లలు ఊళ్లోవాళ్ల ఎత్తు, బరువు కొలుస్తారు. లెక్కలూ వస్తాయి, ఊరూ బడిలోకి వస్తుంది. తమిళనాడు 2003లో చెన్నై కార్పొరేషన్ బడులతో మొదలుపెట్టి ఈ పద్ధతిని తన బడుల్లోకి తీసుకుంది. మన ఇంట పుట్టినదాన్ని పక్కింటివాళ్లు ముందు గుర్తించడం మనకు కొత్త కాదు.

ఊరిని బడికి రప్పించాలని మనవాళ్లూ ప్రయత్నిస్తున్నారు. 2024 డిసెంబర్ 7న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడులన్నింట్లో ఒకే రోజు మెగా పేరెంట్-టీచర్ మీటింగ్ పెట్టారు. అదే ఏడాది తెలంగాణలో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చాయి, మహిళా సంఘాల చేతికి మరుగుదొడ్లు, మంచినీళ్లు, కరెంటు రిపేర్లు అప్పగించారు. ఇవి అవసరమే. కానీ తల్లిని ముగ్గుల పోటీకో, రిపేరు బిల్లు మీద సంతకానికో పిలిచి, ‘మీ పిల్ల ఈ మధ్య ఎందుకు మాట్లాడటం లేదమ్మా’ అని అడగకుండా పంపిస్తే బడికీ ఇంటికీ మధ్య దూరం తగ్గదు. పైగా పగటిపూట మీటింగంటే కూలికెళ్లే తల్లికి ఒక రోజు డబ్బులు పోయినట్టే. సాయంత్రం టీచరే వాడకు వెళ్తే ఇద్దరికీ మేలు. ఆ ప్రయాణ భత్యం ఎవరిస్తారన్నది కూడా న్యాయమైన ప్రశ్నే.

నో బ్యాగ్ డే పెట్టుకున్నాం కాబట్టి అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు. శనివారం భోజనాలయ్యాక ఓ గంటసేపు టీచర్, వంట చేసే ఆమె, అంగన్‌వాడీ టీచర్, వీలైన తల్లులు కూర్చుని పిల్లల్ని ఒక్కొక్కర్నీ పేరుపేరునా తలచుకోవాలి. దానికి కొత్త జీవో అక్కర్లేదు, యాప్ అసలే అక్కర్లేదు. రెండో టీచర్ మాత్రం కావాలి. ఒకరు పిల్లల దగ్గర ఉంటేనే కదా, ఇంకొకరు కూర్చోగలిగేది.